‘ఏసీ రిపేరయింది’ అంటే పాడైందనా, బాగైందనా?

సందేహం: షోరూం వాళ్ళ సర్వీస్ సెంటర్లో నా కారు ఏసీకి గ్యాస్ నింపించాను. పది రోజులకే చల్లగాలి రావడం ఆగిపోయింది. సర్వీస్ అడ్వైజరుకు వాట్సాప్‌లో ‘ఏసీ రిపేరయింది’ అని తెలుగులో మెసేజ్ పెట్టాను. ‘థాంక్యూ సార్’ అని జవాబొచ్చింది. నాలుగు రోజులాగి ఫోన్ చేస్తే, ఏసీ బాగైందని చెప్పాననుకుని నా కంప్లైంటు క్లోజ్ చేశారట. తప్పెవరిది? ఇంగ్లీషు ‘రిపేరు’ బదులు చక్కటి తెలుగులో ‘మరమ్మతు’ అని రాసి ఉంటే ఈ తంటా తప్పేదా? ఇంతకీ అది మరమ్మతా, మరమ్మత్తా?
– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: మీరు రాసింది తెలుగే, ఆయన చదివిందీ తెలుగే. కాకపోతే రెండూ వేర్వేరు వాక్యాలు.

ఇంగ్లీషులో రిపేరంటే బాగుచేయడం ఒక్కటే. మనం ఆ మాటను తెచ్చుకున్నాక దానికి చెడిపోవడం అనే అర్థం కూడా అంటగట్టాం. ‘బండికి రిపేరొచ్చింది’ అంటే చెడిపోయిందని. ‘మోటారు రిపేరులో ఉంది’ అంటే పనిచేయడం లేదని; మెకానిక్కు దాని మొహం చూశాడో లేదో ఆ వాక్యం చెప్పదు. మా వీధి మొదట్లో బోరింగు రెండేళ్ళు రిపేరులో ఉంది, ఒక్కరు కూడా దానిమీద చెయ్యి వేసింది లేదు. ‘కంప్లైంటు’ కూడా ఇలాగే రెండు వైపులా నడుస్తుంది. ‘బండికి ఏం కంప్లైంటు?’ అని మెకానిక్కు అడిగితే లోపం. ‘కంప్లైంటిచ్చాను’ అని మీరంటే ఫిర్యాదు.

మీ వాక్యంలో అసలు చిక్కు ‘అయింది’ దగ్గర ఉంది. ‘అవు’ క్రియ మనకు రెండు పనులు చేసిపెడుతుంది. ‘పెళ్ళయింది’, ‘వంటయింది’ అన్నప్పుడు ఆ పని ముగిసిందని అర్థం. ‘గ్లాసు ముక్కలైంది’, ‘పాలు పెరుగయ్యాయి’ అన్నప్పుడు ఒకటి ఇంకొకటిగా మారిందని అర్థం. మీరు ‘ఏసీ’ని కర్తగా పెట్టి, అది రిపేరు స్థితికి చేరిందన్నారు. ఆయన ‘ఏసీ రిపేరు’ అంటే ఏసీ యొక్క రిపేరు అని షష్ఠీ తత్పురుష కట్టుకుని, ఆ పని ముగిసిందనుకున్నారు. ‘ఇంటి పని అయింది’ అన్నట్టే కదా!

నమ్మకం కలగకపోతే బహువచనంలో పెట్టి చూడండి. ‘వైపర్లు రిపేరయ్యాయి’ అంటే తిరగడం లేదని. ‘వైపర్ల రిపేరు అయింది’ అంటే బాగుచేయడం పూర్తయిందని. ‘వైపర్లు’ కాస్తా ‘వైపర్ల’ అయింది, ‘అయ్యాయి’ పోయి ‘అయింది’ వచ్చింది. ఇక గందరగోళం లేదు. ‘ఏసీ’కి ఆ సౌకర్యం లేదు. ‘ఏసీ పాడైంది’ అన్నా, ‘ఏసీ గాలి’ అన్నా దాని రూపం మారదు. పైగా రాతలో గొంతు వినపడదాయె. ‘అయ్యో, రిపేరయిందండీ’ అని ఫోన్లో అని ఉంటే ఆ ‘అయ్యో’ మిమ్మల్ని గట్టెక్కించేది.

మరమ్మతు వల్ల తప్పేదా అన్నారు. తప్పేది కాదు. మొదటి సంగతి, అది కూడా అరువు మాటే. అరబ్బీలో పుట్టి, పారసీ ఉర్దూల మీదుగా వచ్చింది. రెండోది, రిపేరుకు పట్టిన జబ్బు దానికీ అంటుకుంది. జిల్లా పేజీ తిరగేస్తే ‘మరమ్మతుకు గురై రోడ్డుపై నిలిచిపోయిన లారీ’ కనిపిస్తుంది. గురికావడం ప్రమాదానికో, దాడికో, అవమానానికో చెప్పే మాట. బాగుచేయడానికి గురికావడమేమిటి? ‘రిపేరొచ్చింది’ అన్న నోటిమాటనే విలేకరి గ్రాంథికం చేశాడు, అంతే. నాకు అంతకంటే ‘మొరాయించింది’ నచ్చుతుంది. నడవనని భీష్మించిన ఎద్దుకు వాడిన మాట లారీకీ అతుకుతుంది, ఎన్నికల రోజున ఈవీఎంలకూ అతుకుతుంది.

మరి అచ్చ తెలుగులో రిపేరుకు మాటే లేదా అంటే, ‘బాగుచేత’ ఉంది. పత్రికల్లో తప్ప నోళ్ళలో పెద్దగా వినను. నా ఊహ ఏమిటంటే, మనవాళ్ళకు ఒక్క మాటతో పని పడలేదు. చిల్లుపడ్డ బిందెకు మాటు వేయించేవాళ్ళు. చెప్పు కుట్టించేవాళ్ళు. రోలుకు గంట్లు కొట్టించేవాళ్ళు. గుడి శిథిలమైతే జీర్ణోద్ధరణ. ఏ వస్తువుకు ఆ మాట. అన్నిటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చే మాట అవసరమయ్యేనాటికి ఉర్దూది ఒకటి, ఇంగ్లీషుది ఒకటి అందుబాటులో ఉన్నాయి.

సర్వీస్ సెంటర్లో ఈ పాత అలవాటే పనికొస్తుంది. మా పాత కారు ముందు చక్రాల దగ్గర చప్పుడొస్తోందని ఇచ్చినప్పుడు, జాబ్ కార్డు మీద ‘నాయిస్’ అని ఒక్క ముక్క రాసుకున్నారు. సాయంత్రానికి ‘చూశాం, బానే ఉంది’ అని బండి చేతికిచ్చారు. మర్నాడు షెడ్డు మేస్త్రీ మాత్రం నన్ను ఒకటే ప్రశ్న అడిగాడు: ‘కీచుమంటోందా, గరగరమంటోందా, టకటకమంటోందా సార్?’ బ్రేకు ప్యాడ్లు అరగబోతుంటే కీచుమంటాయి, పూర్తిగా అరిగి ఇనుము ఇనుమును రాస్తే గరగర. స్టీరింగు నిండా తిప్పినప్పుడు మాత్రమే టకటకమంటే ఆ జబ్బు వేరే. నేను ‘తిప్పినప్పుడు టకటక’ అన్నాను. అతను బండి కింద దూరి, చక్రం వెనక చిరిగిన రబ్బరు తొడుగును వేలితో చూపించాడు. ధ్వన్యనుకరణ పదాలు పద్యాలకే పరిమితమనుకునే మా విద్యార్థులకు ఇది తరచూ చెబుతుంటాను.

మీ విషయంలోనూ ఒక మాట గమనించండి. గ్యాస్ నింపేటప్పుడు ‘గ్యాస్ అయిపోయింది సార్’ అనే ఉంటారు. మళ్ళీ ఆ ‘అవు’ క్రియే! పాలు అయిపోయాయి, పెట్రోలు అయిపోయింది అన్నట్టు వినిపిస్తుంది. కానీ ఏసీలో గ్యాస్ ఖర్చయ్యేది కాదు, గొట్టాల్లో తిరుగుతూ ఉండేది. అంతలా తగ్గిందంటే ఎక్కడో కారిపోతున్నట్టు. పది రోజులకే చల్లదనం పోయిందంటే లీకు వెతకకుండానే నింపి పంపారేమో అడగాలి. కాబట్టి రిపేరు, మరమ్మతు రెండూ పక్కనపెట్టి ఇలా రాయండి: ‘మీ దగ్గర ఏసీకి గ్యాస్ నింపించిన పది రోజులకే చల్లదనం పోయింది. ఇప్పుడు గాలి వస్తోంది గానీ చల్లగా లేదు. లీకు ఎక్కడుందో చూసి చెప్పండి. అప్పటిదాకా కంప్లైంటు క్లోజ్ చేయకండి.’

ఇక తకారం సంగతి. మూలంలో ద్విత్వం మకారానికే, తకారానికి లేదు. అలా చూస్తే మరమ్మతు సరి. కానీ హ్రస్వం మీద ఆగిన అరువు మాటకు చివరి హల్లును ఒత్తడం మన నాలుక అలవాటు. షెడ్డు, బస్సు, క్లచ్చు అంటాం. దీర్ఘముంటే కారు, బ్రేకు అని ఊరుకుంటాం. కస్రత్ మన దగ్గర కసరత్తయింది. ఆ లెక్కన మరమ్మత్తునూ తప్పనలేం. పత్రికల్లో ఎక్కువగా కనిపించేది మరమ్మతు. నేనూ అలాగే రాస్తాను.