ల్యాప్‌టాప్‌లో సేవ్ అయిన పాత వైఫై పేర్లు తీసేయడం అవసరమా? నా మాట: అమ్మే ముందైతే తప్పనిసరి

ల్యాప్‌టాప్‌లో ఎప్పుడో కనెక్ట్ అయిన వైఫై పేర్లు బోలెడు మిగిలిపోయాయి, ఎలా తీసేయాలి, తీయకపోతే నష్టమేమైనా ఉందా అని అడిగారు. ఎలా అన్నది నిమిషం పని. విండోస్ 10 అయినా 11 అయినా సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై, అందులో ‘మేనేజ్ నోన్ నెట్‌వర్క్స్’. అక్కడ పేరు ఎంచుకుని ‘ఫర్గెట్’ నొక్కితే పోతుంది. ‘డిస్‌కనెక్ట్’ నొక్కితే మాత్రం పోదు. ఆ పూటకి లైను తెగుతుంది అంతే, పాస్‌వర్డ్ లోపలే ఉంటుంది. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు నాకు చాలామంది తగిలారు.

నష్టం ఉందా అన్న ప్రశ్నకి మాత్రం కొంచెం ఎక్కువే చెప్పాలి.

మా బాబాయికి తెనాలిలో ఎరువుల కొట్టు ఉంది. బిల్లులు వేసుకోవడానికి ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాడు. కొట్లో నెట్ పెట్టమంటే వెళ్లాను. అమ్మిన షాపువాళ్లు పాత యూజర్ అకౌంట్ తీసేసి కొత్తది పెట్టారు. డెస్క్‌టాప్ మీద ఒక్క ఫైలు లేదు, చూడ్డానికి కొత్తదానిలాగే ఉంది. వైఫై సెట్టింగ్స్ తెరిచేసరికి మాత్రం పొడుగాటి పేర్ల వరస కనిపించింది. కింది నుంచి పైకి చదువుకుంటూ వెళ్తే ఎవరో ఒకాయన బతుకంతా అందులో ఉంది. అట్టడుగున ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ బ్లాక్. దానిపైన హైదరాబాద్‌లో ఒక పీజీ, ఏ అంతస్తో కూడా ఉంది. తర్వాత ఒక కంపెనీ గెస్ట్ నెట్‌వర్క్. ఆ తర్వాత కొన్ని హోటళ్లు, ఒక ప్రసూతి ఆసుపత్రి. పైన చివరగా ఒక అపార్ట్‌మెంట్ పేరు, దాని పక్కన ఫ్లాట్ నంబరు. చదువు, ఉద్యోగం, బిడ్డ, సొంతిల్లు. ఆయన్ని మేమెప్పుడూ చూడలేదు, అయినా ఎక్కడ ఉంటాడో తెలిసిపోయింది.

బాబాయి కళ్లద్దాలు సర్దుకుని స్క్రీన్ వైపు వంగి, “పాస్‌వర్డ్ కూడా కనిపిస్తుందా?” అన్నాడు. కనిపిస్తుంది, ఆ పేరు మీద నొక్కితే ‘వ్యూ వైఫై సెక్యూరిటీ కీ’ అని ఉంటుంది, చూపించనా అన్నాను. “వద్దురా, మనకెందుకది? ఇల్లు ఎక్కడో చెప్పి తాళంచెవి కూడా చేతిలో పెట్టినట్టుంది. ముందు తీసెయ్” అన్నాడు. అన్నీ తీసేశాక అమ్మిన షాపుకి నేనే ఫోన్ చేసి చెప్పాను. “అందరివీ అలాగే వస్తాయండీ, ఎవరు చూస్తారు?” అన్నాడు అవతలాయన. నాకు ఒళ్లు మండింది. పాత యజమాని షాపుని నమ్మి ఇచ్చిన వస్తువు అది. ఫొటోలు పోయాయి, అకౌంట్ పోయింది, ఇక ఏమీ లేదనుకుని ఉంటాడు పాపం.

అకౌంట్ తీసేసినా వైఫైలు ఎందుకు మిగిలాయంటే, విండోస్ వాటిని మామూలుగా ఒక యూజర్ కింద దాచదు. కంప్యూటర్ మొత్తానికీ కలిపి, సి డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా అనే ఫోల్డర్ లోపల ఒక్కో నెట్‌వర్క్‌కి ఒక్కో ఫైలుగా పెడుతుంది. అందుకే అకౌంట్ పోయినా అవి పోవు. అమ్మేటప్పుడు సరైన పద్ధతి ‘రీసెట్ దిస్ పీసీ’లో ‘రిమూవ్ ఎవ్రీథింగ్’. మీ ల్యాప్‌టాప్ మీ దగ్గరే ఉండేట్టయితే అంత అక్కర్లేదు, ఫర్గెట్ చాలు.

ఇంకో మాట. దయచేసి వైఫైకి ఫ్లాట్ నంబరు, ఇంటిపేరు పెట్టకండి. విగిల్ అనే సైటు 2001 నుంచీ ప్రపంచమంతా వైఫై పేర్లని మ్యాప్ మీద పోగేస్తోంది. అరుదైన పేరయితే, అది ఆ సైటుకి ఎక్కి ఉంటే, వీధి దాకా దొరికిపోవచ్చు. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన అబ్బాయి మన ఫోన్ నంబరే పాస్‌వర్డ్‌గా పెట్టి వెళ్లిపోతాడు, మనం ఏళ్ల తరబడి అదే ఉంచుతాం. ఈ అలవాటు పోవాలి.

అమ్మే ఆలోచన లేనివాళ్లు కూడా పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్‌లని ముందు తీసేయండి. ఉదాహరణకి రైల్వే స్టేషన్ వైఫై. 2016లో విజయవాడ, కాచిగూడ, విశాఖ స్టేషన్లలో రైల్‌వైర్ వచ్చినప్పుడు ప్లాట్‌ఫామ్ మీద ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నవాళ్లు ఎంతమందో. సేవలో తప్పేమీ లేదు. కానీ ల్యాప్‌టాప్ చూసేది పేరు, పాస్‌వర్డ్ ఉందా లేదా అన్నది, అంతే. ‘కనెక్ట్ ఆటోమేటికల్లీ’ అన్న గడిలో టిక్ ఉంటే, అదే పేరుతో ఎవడైనా బస్టాండులో ఒక రౌటర్ పెట్టినా మనల్ని అడక్కుండా వెళ్లి అతుక్కుంటుంది. పాస్‌వర్డ్ ఉన్న నెట్‌వర్క్‌తో ఈ బాధ చాలా తక్కువ. పాస్‌వర్డ్ తెలియకుండా దొంగ రౌటర్ ఆ లంకె పూర్తిచేయలేదు. నా లెక్కలో ఇల్లు, ఆఫీసు, సొంత ఫోన్ హాట్‌స్పాట్, ఈ మూడూ మించి ఎవరి కంప్యూటర్‌లోనూ సేవ్ అయి ఉండకూడదు. హోటల్ వైఫై కావాలంటే మళ్లీ వెళ్లినప్పుడు రిసెప్షన్‌లో అడిగితే చెప్తారు.

పేర్లు మరీ ఎక్కువుంటే ఒక్కొక్కటీ నొక్కుతూ కూర్చోకండి. కమాండ్ ప్రాంప్ట్‌ని, అంటే విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే నల్ల కిటికీని, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో ప్రొఫైల్స్’ ఇస్తే అన్నీ వరసగా వస్తాయి. నెట్‌ష్ అంటే ఎన్, ఇ, టి, ఎస్, హెచ్. డబ్ల్యూలాన్ అంటే డబ్ల్యూ, ఎల్, ఎ, ఎన్. ‘నెట్‌ష్ డబ్ల్యూలాన్ డిలీట్ ప్రొఫైల్ నేమ్=’ అని, సమానం గుర్తు తర్వాత పేరు ఇస్తే అది ఒక్కటే పోతుంది. పేరులో ఖాళీలుంటే కోట్స్‌లో పెట్టాలి. పేరు బదులు నక్షత్రం గుర్తు పెడితే అన్నీ ఒక్క దెబ్బకి పోతాయి, ఇంటిది కూడా. ఇంటి పాస్‌వర్డ్ చేతిలో పెట్టుకునే ఆ పని చేయండి.

ఇంత చిన్న పనికి కమాండ్‌లు నేర్చుకోవాల్సిన ఖర్మ ఒకప్పుడు నిజంగానే పట్టింది. విండోస్ 7లో కంట్రోల్ ప్యానెల్‌లో ‘మేనేజ్ వైర్‌లెస్ నెట్‌వర్క్స్’ అని చక్కగా ఉండేది. విండోస్ 8లో దాన్ని ఎత్తేశారు. మళ్లీ అలాంటి జాబితా సెట్టింగ్స్‌లోకి రావడానికి 2014లో 8.1కి అప్‌డేట్ రావాల్సి వచ్చింది. పనిచేస్తున్నదాన్ని కదిలించడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మ్యాక్ వాడేవాళ్లకి వైఫై సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌లో ఆ జాబితా ఉంటుంది. మన యాపిల్ పరికరాలన్నిటికీ పాస్‌వర్డ్‌లు కలిపి దాచే ఐక్లౌడ్ కీచెయిన్ ఆన్‌లో ఉంటే మ్యాక్‌లో తీసేసింది ఐఫోన్‌లోంచి కూడా పోతుంది, చూసుకోండి.

ల్యాప్‌టాప్ ఇప్పటికే అమ్మేసి ఉంటే అందులోంచి తీయడం మీ చేతిలో లేదు. అప్పుడు రౌటర్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్ మార్చడమే దారి. చాలా రౌటర్లకి బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే ఆ పేజీ వస్తుంది, రాకపోతే అడ్రస్ రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. మార్చాక టీవీలో, కెమెరాలో, ఇంట్లో అందరి ఫోన్లలో కొత్త పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాలి. ఆదివారం పూట ఓ గంట పెట్టుకుంటే అయిపోతుంది.