టెక్ సందేహాలు: కోడ్ ఎడిటర్‌కు తెలుపా, నలుపా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి, గుణుపురంలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. ప్రోగ్రామ్‌లు రాసే వీఎస్ కోడ్ ఎడిటర్‌లో డార్క్ థీమ్ (నల్లటి తెర) వాడుతున్నాను. మధ్యాహ్నం వరండాలో కూర్చుంటే కళ్లు చికిలించి చూడాల్సి వస్తోంది. లైట్ థీమ్ పెడితే హాస్టల్లో అందరూ నవ్వుతున్నారు. ఏది మంచిది?

జవాబు: నవ్వితే నవ్వనివ్వండి. పగటి వెలుతురులో లైట్ థీమే మేలు. నల్లటి తెర మీద మీ చొక్కా, వెనకున్న గోడ, ఆకాశం అన్నీ కనబడతాయి, వాటి మధ్య కోడ్‌ని వెతుక్కోవాలి. పైగా ముదురు తెరని చూసేటప్పుడు కంటిపాప పెద్దదవుతుంది, దాంతో అక్షరాల అంచులు కాస్త అలుక్కుపోయినట్టుంటాయి. కళ్లజోడు చీటీలో సిలిండర్ పవర్ ఉన్నవాళ్లకి ఇది ఇంకా ఎక్కువ. మీ చీటీ ఒకసారి తీసి చూడండి. కోడ్ మధ్యలో వివరణగా రాసుకునే కామెంట్లు తెలుగులో రాసే అలవాటుంటే తేడా వెంటనే తెలుస్తుంది: ముదురు తెర మీద వత్తులు, గుడులు ముద్దగా కలిసిపోతాయి. ఏ థీమ్ అయినా సరే, ఫాంట్ సైజు కొంచెం పెంచండి.

రాత్రి లైటు ఆర్పేసి, పక్క మంచం మీద స్నేహితుడు నిద్రపోతుంటే డార్క్ థీమ్ పెట్టుకోండి. అప్పుడు తెల్లటి తెర మీకూ, అతనికీ ఇబ్బందే. అంటే రోజంతా ఒకే థీమ్‌తో ఉండాల్సిన పనిలేదు. కంట్రోల్ నొక్కి ఉంచి కె, తర్వాత టి నొక్కితే థీమ్‌ల జాబితా వస్తుంది. బాణం కీతో కిందికి దిగుతుంటే మీ కోడ్ మీదే ఒక్కోటీ ఎలా ఉంటుందో కనబడుతుంది. రోజూ ఇదంతా ఎందుకనుకుంటే, సెట్టింగ్స్‌లో ‘ఆటో డిటెక్ట్ కలర్ స్కీమ్’ అని వెతికి టిక్ పెట్టండి. విండోస్‌లో లైట్, డార్క్ ఏది మారిస్తే ఎడిటర్ కూడా దాని వెంటే మారుతుంది.

తెలుపు మరీ గుచ్చుకుంటే సోలరైజ్డ్ లైట్ చూడండి, మీగడ రంగులో ఉంటుంది. నాకు మాత్రం అందులో కామెంట్లు మరీ పాలిపోయినట్టు అనిపిస్తాయి, ఎండవేళ అస్సలు ఆనవు. ఇక ల్యాబ్‌లో ప్రొజెక్టర్ మీద ప్రాజెక్ట్ చూపించేటప్పుడు మాత్రం మొహమాటం లేకుండా లైట్ థీమే పెట్టండి. డార్క్‌లో వెనక బెంచీ వాళ్లకి ఏమీ కనబడదు.

ప్రశ్న: రాయగడలో మాకు కరెంటు తరచూ పోతుంది. డార్క్ థీమ్ పెడితే ల్యాప్‌టాప్ చార్జింగ్ ఎక్కువసేపు వస్తుందా?

జవాబు: మామూలు ఎల్‌సీడీ తెరైతే రాదు. తెర మీద నలుపున్నా, తెలుపున్నా వెనక బ్యాక్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది. బ్రైట్‌నెస్ తగ్గించండి, పని జరిగేది దానితోనే. ఓలెడ్ తెరల సంగతి వేరు, వాటిలో నల్ల చుక్క అంటే ఆరిపోయిన చుక్కే. అయితే వీఎస్ కోడ్‌లోని డార్క్ మోడర్న్ థీమ్ నిజానికి ముదురు బూడిద రంగు. పూర్తి నలుపు కావాలంటే అదే జాబితాలో డార్క్ హై కాంట్రాస్ట్ ఉంటుంది.