బిల్డర్‌కు రెరా ఉంటే ఏజెంట్‌కు వేరే రిజిస్ట్రేషన్ కావాలా?

కావాలి, రెరాలో (రాష్ట్ర రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదైన వెంచర్‌లో ప్లాటు గానీ ఫ్లాటు గానీ అమ్మిపెట్టాలంటే ఏజెంట్ తన పేరిట విడిగా నమోదు చేసుకోవాల్సిందే. 2016 రియల్ ఎస్టేట్ చట్టం 9వ సెక్షన్ చెప్పేది ఇదే. బిల్డర్‌కు ఇచ్చే ప్రాజెక్టు నంబరు ఆ వెంచర్‌కు సంబంధించింది. కొనేవాడికి మాటిచ్చే మనిషి కూడా జవాబుదారీగా ఉండాలనే ఏజెంట్‌కు వేరే నంబరు ఇస్తారు, దాన్ని తాను కుదిర్చిన ప్రతి అమ్మకంలోనూ చూపాలి.

నమోదు లేకుండా 60 లక్షల ఫ్లాటు అమ్మిపెట్టారనుకోండి. జరిమానా రోజుకు 10,000 రూపాయలు, గరిష్ఠంగా ఫ్లాటు ధరలో 5 శాతం, అంటే 3 లక్షలు. ముప్పై రోజుల్లో అక్కడికి చేరుతుంది! చాలాసార్లు వచ్చిన కమీషన్ కంటే అదే ఎక్కువ.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే: పాన్, ఆధార్, ఫొటో, ఆఫీసు చిరునామా రుజువు, ఐటీ రిటర్నులు సిద్ధంగా పెట్టుకోండి. పాన్‌లో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో ముందే సరిచూసుకోండి.

చాలామంది పొరబడేది ఇంకొకటుంది: తెలంగాణ రెరా నంబరు ఆంధ్రాలోనూ చెల్లుతుందనుకుంటారు. చెల్లదు. హైదరాబాద్ ఏజెంట్ విజయవాడ వెంచర్ అమ్మాలంటే ఏపీ రెరాలో మళ్లీ నమోదవ్వాలి.