తల వెనక వెలుగు: ఒక యువ రచయితకు లేఖ

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. సత్యనారాయణపురంలో వీధి పిల్లలకు ఉచితంగా లెక్కలు చెప్పే విశ్రాంత ప్రధానోపాధ్యాయుణ్ణి ప్రేమతో రాశావు, సంతోషం. అయితే ఆయన వాకిట్లోకి వచ్చిన ప్రతిసారీ ముఖాన దివ్యతేజస్సు ఉట్టిపడుతోంది, తల వెనక ప్రభామండలం వెలుగుతోంది. మూడో పేజీకి వచ్చేసరికి ఆ వెలుగే మిగిలి, మాస్టారు నాకు కనబడకుండా పోయారు. అందుకే ఈ ఉత్తరంలో ఆ ఒక్క విషయమే రాస్తున్నాను.

దేవుడి పటాల్లో చూసి చూసి, ప్రభామండలమంటే మంచితనానికి గుర్తని మనం అనుకుంటాం. దాని చరిత్ర వేరుగా ఉంది. ఉత్తర భారతాన్నేలిన కుషాణుల నాణేల మీద అది బుద్ధుడి తల వెనకా ఉంది, ఆ వంశపు రాజు హువిష్కుడి తల వెనకా ఉంది. ఇటలీలోని రావెన్నాలో, 6వ శతాబ్దపు శాన్ విటాలే చర్చి గోడల మీద జస్టీనియన్ చక్రవర్తికీ, ఆయన భార్య థియొడోరాకూ ఉంది. రోములోని శాంటా మరియా మజ్జోరే చర్చిలో 5వ శతాబ్దపు చిత్రాల్లోనైతే, పసిపిల్లలను చంపించిన హేరోదు రాజుకు కూడా ఉంది! మన జహంగీరు ఐరోపా బొమ్మలను చూసి తన చిత్తరువుల్లో దాన్ని వేయించుకున్నాడు. అధికారం ఎక్కడ ఉందో చూపడానికే చాలామంది దాన్ని వాడుకున్నారన్నమాట. బెంజి సర్కిల్ దగ్గర పుట్టినరోజు ఫ్లెక్సీలను రోజూ చూసే బెజవాడ పాఠకుడికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. మీ మాస్టారిని ఆ వరుసలో నిలబెట్టడం నీ ఉద్దేశం కాదు కదా.

అమరావతి మీకూ మాకూ దగ్గరే. అక్కడి తొలి శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కలేదు. బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, పాదముద్రలు, చుట్టూ చేతులు జోడించిన జనం, అంతే. ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక అమరావతి రాతిపలక మీద క్రీ.పూ. 1వ శతాబ్దంలో ఒకవైపు ఇలాంటి దృశ్యాన్ని చెక్కితే, క్రీ.శ. 3వ శతాబ్దంలో అదే పలకకు రెండోవైపు స్తూపాన్నీ, దాని ద్వారం దగ్గర నిలుచున్న బుద్ధుణ్ణీ చెక్కారు. రెండో వైపు పనితనమే గొప్పదని చాలామంది అంటారు; కథకుడికి మాత్రం మొదటి వైపే ఎక్కువ నేర్పుతుందని నా అభిప్రాయం. ఆసనం మీద ఎవరూ లేకపోయినా, అక్కడ ఉన్నది ఎంతటివాడో వంగిన నడుములను బట్టి తెలుస్తుంది. నీ కథలోనూ అలాంటి వాక్యం ఒకటుంది. మాస్టారు సందు మలుపు తిరగగానే రిక్షా అతను వెలుగుతున్న బీడీని గుప్పిట్లో దాచి, వేళ్లు కాలుతున్నా ఆయన దాటిపోయేదాకా విప్పడు. ఆ వాక్యం ఉండగా తేజస్సు అనే మాటతో నీకు పనేమిటి?

వెలుగు తప్పనిసరి అనిపిస్తే, దానికి కథలోనే ఒక కారణం వెతుకు. 14వ శతాబ్దం తొలినాళ్లలో జోట్టో అనే చిత్రకారుడు ఇటలీలోని పాడువాలో గీసిన, ఏసు శిష్యులతో చేసిన కడరాత్రి భోజనం చిత్రంలో, మనవైపు వీపు పెట్టి కూర్చున్న శిష్యులు ప్రభామండలాలను కంచాల్లా మొహాలకు అడ్డం పెట్టుకున్నట్టు కనిపిస్తారు. అన్నం తినేదెలాగో పాపం! 1490ల చివర అదే ఘట్టాన్ని మిలానులో గీసిన లియొనార్డో డావిన్చి ఆ చక్రాలనే తీసేశాడు. ఏసు తల వెనక ఒక కిటికీ ఉంది, అందులోంచి ఆకాశం కనిపిస్తుంది. ఆ గదికి అది మామూలు కిటికీ. చూసేవారికి మాత్రం ఆ ముఖం తప్ప మరొకటి కనిపించదు.

మన వాడుకలో ఇంకా వీలైన సాధనం ఉంది. తెలుగువాళ్లు వెలుగును తల వెనక కాక ముఖంలోనే చూస్తారు: పెళ్లికళ వచ్చిందంటారు, లక్ష్మీకళ తాండవిస్తోందంటారు, కష్టం వస్తే కళ తప్పిందంటారు. కళకు రాకపోకలున్నాయి కాబట్టి కథలో దానికి చోటుంది. పదో తరగతి ఫలితాలు వచ్చిన పూట మాస్టారి ముఖం కళ తప్పిందని నువ్వు ఒక్కసారే రాశావు. దాన్ని ఉంచు.

ఆయన ఇంకా మీ వీధిలోనే ఉంటున్నారని రాశావు కనుక చివరగా ఒక మాట. 9వ శతాబ్దపు రోములో, శాంటా ప్రస్సేదే చర్చిని కట్టించిన పోపు పాస్కల్‌కు అక్కడి చిత్రంలో నలుచదరపు మండలం పెట్టారు. గుండ్రనిది గతించిన పుణ్యపురుషులకు, చదరపుది జీవించి ఉన్నవారికి. నువ్వూ అంతవరకే ఆగు. సున్నం కాయ విసిరే ఆయన కోపం, అద్దెకున్నవాళ్లతో కరెంటు బిల్లు దగ్గర పెట్టుకునే పేచీ, ఈ రెండింటినీ మొదటి ప్రతిలో రాసి తర్వాత కొట్టేశావు. సిరా కింద నాకు కనబడుతూనే ఉన్నాయి. వాటిని మళ్లీ ఎక్కించి, శుద్ధప్రతి పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి