జావానా, పైథానా, మెర్నా? ఫీజు కట్టే ముందు ఒక నోట్‌బుక్ కొనండి

నర్సంపేట దగ్గరి నుంచి ఒక తండ్రి అడిగిండు: "మా బాబుది ఈ ఏడాదే వరంగల్‌ల సీఎస్ఈ బీటెక్ అయిపోయింది, 7.1 సీజీపీఏ, బ్యాక్‌లాగ్స్ లేవు. వెబ్ డెవలపర్ అయితా అంటడు. వాడేమో పైథాన్ అంటడు, మా అల్లుడు జావా అంటడు, అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్ వాళ్ళేమో మెర్న్ నేర్చుకుంటెనే జాబ్ అంటున్నరు, ఫీజు 40 వేలు. మేం మిర్చి రైతులం. ఏది నేర్పిస్తే నౌకరి తొందరగ వస్తది?"

అన్నా, ఎనుమాముల మార్కెట్‌కు తేజ పట్టుకపోతే ఘాటు కోసం కొనేటోళ్ళు చూస్తరు, చపాటా పట్టుకపోతే రంగు కోసం, పచ్చళ్ళ కోసం కొనేటోళ్ళు చూస్తరు, రకాన్ని బట్టి కొనేటోడు మారుతడు. కానీ కాయ సరిగ్గ ఆరకపోతే ఏ రకమైనా రేటు పడిపోతది, ఇది మీకు తెల్వనిది కాదు. బాబు చదువు కూడా గట్లనే ఉన్నది. ఏ కంపెనీ గేటు ముందు నిలబడతడో జావా, పైథాన్ అసొంటి కంప్యూటర్ లాంగ్వేజ్‌ని బట్టి ఉంటది, లోపలికి పిలుస్తరా లేదా అన్నది వాడు ఎంత లోతుగ నేర్చుకున్నడు అన్నదాన్ని బట్టి.

ముందుగాల ఒక ముచ్చట. జావా వేరు, జావాస్క్రిప్ట్ వేరు, పేరు కలిసినంత మాత్రాన రెండూ ఒకటి కాదు. బ్రెండన్ ఐక్ అనే ఆయన 1995ల నెట్‌స్కేప్ కంపెనీల ఉన్నప్పుడు పది రోజులల్ల జావాస్క్రిప్ట్ తొలి రూపం తయారుచేసిండు, ఇయ్యాల్టికీ ప్రతి బ్రౌజర్ల నడిచేది అదే. అందుకే వెబ్ డెవలపర్ కావాలంటే వెనక సర్వర్ల ఏది వాడినా పేజీ కట్టే హెచ్‌టీఎంఎల్, దాన్ని అందంగ చేసే సీఎస్ఎస్, పని చేయించే జావాస్క్రిప్ట్ తప్పవు, పైథాన్ ఒక్కటే చాలు అని బాబు అనుకుంటే అది పొరపాటు.

ఇగ గేట్ల సంగతి. బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీల పెద్ద పెద్ద సిస్టమ్‌లు ఏండ్ల నుంచి జావా మీద నడుస్తున్నయి, వాటి పని చేసే సర్వీస్ కంపెనీలు హైదరాబాద్‌ల చానా ఉన్నయి కాబట్టి జావా, దానితోని వెబ్ పని సులువు చేసే స్ప్రింగ్ బూట్ వచ్చినోళ్ళకు గిరాకీ తగ్గలేదు, కాకపోతే లైన్ల నిలబడేటోళ్ళు కూడా ఎక్కువే. మెర్న్ అంటే మోంగోడీబీ, ఎక్స్‌ప్రెస్, రియాక్ట్, నోడ్, ఈ నాలుగు టూళ్ళ మొదటి అక్షరాలు కలిపి పెట్టుకున్న పేరు, స్టార్టప్‌లు, చిన్న కంపెనీలు ఎక్కువ అడుగుతయి, అక్కడ మార్కుల కంటే నువ్వు ఏం తయారుచేసినవో చూపించు అంటరు. పీహెచ్‌పీ అనే ఇంకో లాంగ్వేజ్‌ని మన పిల్లలు చిన్నచూపు చూస్తరు గని వికీపీడియా నడిచేది దాని మీదనే, వెబ్‌సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ కూడా దాని మీదనే, మొదట్ల జీతం తక్కువ ఉంటది కానీ ఇంట్ల పైసలు అర్జెంట్ ఉన్నోళ్ళకు అది కూడా ఒక తొవ్వనే. పైథాన్‌తోని ఇన్‌స్టాగ్రామ్ అంతటిది నడుస్తది, డేటా, ఏఐ దిక్కు పోవాలంటే మంచిది, కానీ నా దగ్గరికి వచ్చిన పిల్లలను చూస్తే కొత్తోళ్ళకు పైథాన్ వెబ్ జాబ్‌లు జావా, మెర్న్ అంత దొరుకుతలేవు.

నాకు బాధనిపించేది ఎక్కడంటే, జనగామ నుంచి ఒక పిల్ల ఏడాదిన్నరల మూడు కోర్సులు చేసి వచ్చింది, సర్టిఫికెట్లు మూడున్నయి, ఇంటర్వ్యూల కాగితం మీద ఒక లూప్, అంటే ఒకే పనిని మళ్ళ మళ్ళ చేయించే చిన్న కోడ్, రాయమంటే రాయలేకపోయింది. ఒక్కొక్క కోర్సుకు వాళ్ళ నాయిన అప్పు తెచ్చిండు. ఆ పిల్ల తప్పు కాదది, ఒక్కటి పూర్తిగ రాకముందే ఇంకోదాంట్ల చేరమని చెప్పినోళ్ళది.

మీ బాబుకైతే నేను జావానే చెప్త, పక్కన జావాస్క్రిప్ట్, డేటాబేస్‌ల నుంచి డేటా తీసే ఎస్‌క్యూఎల్. ఎందుకంటే 7.1 ఉండి బ్యాక్‌లాగ్ లేదు, 60 శాతం కటాఫ్ పెట్టే సర్వీస్ కంపెనీల పరీక్షలు చానా వరకు రాయొచ్చు, ఆ పరీక్షలల్ల ఏ లాంగ్వేజ్‌ల రాసినా చూసేది లాజిక్కే, చేరినంక వాళ్ళే ట్రైనింగ్ ఇస్తరు. పైథాన్ మీద ఇష్టం ఉంటే పోనియ్యొద్దు, ఒకటి గట్టిగ వస్తే రెండోది రెండు మూడు నెలలల్ల వస్తది. ఇంకోటి, ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తం, లక్షలియ్యండి బ్యాక్‌డోర్‌ల జాబ్ ఇప్పిస్తం అనేటోళ్ళు తగుల్తరు, వాళ్ళ దిక్కు చూడనే చూడకండి, వెరిఫికేషన్‌ల దొరికితే ఉన్న జాబ్ పోతది, పేరు పోతది.

ఇప్పుడు చేయాల్సిన పని ఒక్కటే. బాబును నౌకరీ డాట్ కామ్, లింక్డిన్ సైట్లు తెరిచి హైదరాబాద్, 0 నుంచి 1 ఏడాది ఎక్స్‌పీరియన్స్ అని పెట్టి వెబ్ డెవలపర్ జాబ్‌లు 30 చూడమనండి, ఒక్కొక్కదాంట్ల ఏమేం అడిగిన్రో నోట్‌బుక్‌ల తన చేత్తోని రాయమనండి. ఎస్‌క్యూఎల్, కోడ్ మార్పుల లెక్క పెట్టే గిట్ ఎన్నిసార్లు వస్తయో తనకే తెలుస్తది, జావా ఎక్కువుందా రియాక్ట్ ఎక్కువుందా కూడా తెలుస్తది, నేను చెప్పింది తప్పైతే ఆ లెక్కల బయటపడ్తది. ఆదివారం ఆ నోట్‌బుక్ పట్టుకొని హన్మకొండకు ఇద్దరూ రాండి, కూసోని మాట్లాడుదం. 40 వేలు మాత్రం అప్పటిదాకా కట్టకండి.