పాటల కోసం స్టీరియో ప్రీయాంప్ కొనాలా, ఉన్న సరౌండ్ ప్రాసెసర్ చాలా?

మీరు అడిగింది ఇది: హన్మకొండలో 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు హాలు. సరౌండ్ ప్రాసెసర్ (సినిమా సౌండ్‌ను స్పీకర్లకు పంచే పెట్టె), పవర్ యాంప్ (స్పీకర్లను నడిపే పెట్టె), రెండు టవర్ స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ (బేస్ స్పీకర్) ఉన్నాయి. సినిమాలకు మస్తుగ ఉంది, పాటలు మాత్రం పల్చగా వస్తున్నాయి. ప్యూర్ డైరెక్ట్ బటన్ నొక్కి వింటున్నారు. స్టీరియో ప్రీయాంప్ (పాటల కోసమే ఉండే రెండు చానెళ్ల వాల్యూమ్ కంట్రోల్ పెట్టె) కొంటే బాగుపడుతుందా?

ఇప్పుడే కొనకండి. ముందు ఆ ప్యూర్ డైరెక్ట్ తీసేయండి.

ఆ బటన్ నొక్కగానే చాలా ప్రాసెసర్లలో మూడు పనులు జరుగుతాయి: రూమ్ కరెక్షన్ (గది మోతను కొలిచి సరిచేసేది) ఆగిపోతుంది, క్రాసోవర్ (బేస్‌ను విడదీసి సబ్‌వూఫర్‌కు పంపేది) ఆగిపోతుంది, సబ్‌వూఫర్ మూగబోతుంది. పాట పల్చబడేది అక్కడే. చాలా స్టీరియో ప్రీయాంపుల్లోనూ రూమ్ కరెక్షన్, క్రాసోవర్ ఉండవు కాబట్టి, అది కొన్నా పాట అంతే పల్చగా ఉంటుంది. రిమోట్‌లో మామూలు 'స్టీరియో' మోడ్ పెట్టండి. తర్వాత స్పీకర్ సెటప్‌లోకి వెళ్లి చూడండి. ఆటోమేటిక్ సెటప్ అయ్యాక టవర్లను చాలాసార్లు 'లార్జ్' అని రాసుకుంటుంది. దాన్ని చేత్తో 'స్మాల్' చేసి, క్రాసోవర్ 60 లేదా 80 హెర్ట్జ్ పెట్టండి. పేరు చూసి చిన్నబుచ్చుకోవద్దు. ఆ కిందికి ఉండే బేస్‌ను సబ్‌వూఫర్‌కు అప్పజెప్పమని చెప్పడమే దాని అర్థం.

ఇంక హాలు సంగతి. 14 అడుగుల పొడవుకు 40 హెర్ట్జ్ దగ్గర, 12 అడుగుల వెడల్పుకు 47 దగ్గర, స్లాబ్ ఎత్తు 10 అడుగులైతే 56 దగ్గర గది మోగుతుంది. కింద గ్రానైట్, పైన స్లాబ్, నాలుగు పక్కల సిమెంటు గోడలు. మన దగ్గర కొత్త ఇళ్లన్నీ ఇట్లనే కడుతున్నారు, తబలా దెబ్బ పడితే మోత తోకలా మిగులుతుంది. ఆ మోతను తగ్గించే సాధనం ప్రాసెసర్‌లో ఉంది, మామూలు ప్రీయాంప్‌లో లేదు. అన్నిటికంటే ముందు సోఫాను వెనక గోడకు ఆనించకుండా ముందుకు జరపండి. సరిగ్గా గది నడుమ కూర్చున్నా 40 హెర్ట్జ్ మాయమవుతుంది. వెనక గోడ నుంచి 5 అడుగుల దగ్గర మొదలుపెట్టి అటు ఇటు జరిపి వినండి. స్పీకర్లకు, సోఫాకు మధ్య గ్రానైట్ మీద మందం రగ్గు లేదంటే బొంత, కిటికీలకు బరువైన పరదాలు. ఇవి బేస్‌ను ఆపవు గానీ గొంతులోని గరుకును తగ్గిస్తాయి.

రూమ్ కరెక్షన్ కోసం గదిని కొలిచే మైకు పెట్టేటప్పుడు సోఫా వీపు మీద పెట్టొద్దు, స్టాండు మీద చెవి ఎత్తులో పెట్టండి. ఫ్యాను, కూలర్, ఫ్రిజ్ బంద్ చేయండి. మొదటి కొలత మీరు కూర్చునే చోటే, మిగతావి దాని చుట్టూ రెండు అడుగుల లోపు. మీ ప్రాసెసర్‌లోని రూమ్ కరెక్షన్ ఆడిసీ అయితే దాని మొబైల్ యాప్‌లో, డిరాక్ అయితే దాని సాఫ్ట్‌వేర్‌లో, కరెక్షన్‌ను 300 నుంచి 500 హెర్ట్జ్ వరకే ఆపే వీలుంది. తప్పకుండా ఆపండి. పాటలు జీవం లేకుండా వినిపిస్తున్నాయని అనేవాళ్లలో చాలామంది పైదాకా కరెక్షన్ వదిలేసినవాళ్లే. డైనమిక్ వాల్యూమ్ (చిన్న, పెద్ద శబ్దాల తేడా తగ్గించేది) ఆఫ్. డైనమిక్ ఈక్యూ (తక్కువ సౌండ్‌లో బేస్ పెంచేది) ఉంచుకుంటే, దాని సెట్టింగుల్లో రిఫరెన్స్ ఆఫ్‌సెట్ 10 లేదా 15 డీబీ పెట్టండి, లేకపోతే పాటల్లో బేస్ ఉబ్బుతుంది.

"ప్రాసెసర్ అనలాగ్‌ను డిజిటల్ చేసి మళ్లీ అనలాగ్ చేస్తే పాట చస్తది" అని షాపోళ్లు భయపెడతారు. 1982లో వచ్చిన సీడీ కూడా డిజిటలే, సెకనుకు 44,100 కొలతలు (44.1 కిలోహెర్ట్జ్), 16 బిట్. ఆడిసీ పనిచేసేది 48 కిలోహెర్ట్జ్ దగ్గర. అందులో సగం, అంటే 24 కిలోహెర్ట్జ్ దాకా శబ్దం పడుతుంది, చెవికి వినబడేది 20 దాకే. భయం అక్కర్లేదు.

షాపు డెమో సంగతి కూడా చెప్పాలి, ఎక్కువమంది డబ్బు పోయేది అక్కడే. సోఫా మీద ముగ్గురు కూర్చుంటారు. ప్రాసెసర్‌తో అర నిమిషం పాట వేస్తారు, వైర్లు మార్చి ప్రీయాంప్‌తో అదే పాట మళ్లీ వేస్తారు. "అబ్బా, గొంతు ముందుకొచ్చింది" అంటారు ముగ్గురూ. నిజానికి ముందుకొచ్చింది సౌండ్, ఒక డీబీ. అంత చిన్న తేడా చెవికి 'ఎక్కువ సౌండ్' అనిపించదు, 'మంచి సౌండ్' అనిపిస్తుంది. కాబట్టి మల్టీమీటర్ తీసుకుపోండి. కరెక్షన్ ఆపి, సబ్‌వూఫర్ ఆపి, టవర్లను ఫుల్ రేంజ్‌లో పెట్టి, 100 లేదా 200 హెర్ట్జ్ టోన్ వేయించండి. చవక మీటర్లు 1000 హెర్ట్జ్ దగ్గర తప్పు చూపిస్తాయి. స్పీకర్ టెర్మినళ్ల మీద ఏసీ వోల్టేజి చూడండి. ఒకదాంతో 1.00 వోల్టు వస్తే రెండోదాంతోనూ 0.99, 1.01 మధ్య ఉండాలి. అప్పుడు తేడా డీబీలో పదో వంతు లోపే ఉంటుంది. అట్ల సరిచేసి, ఏది మోగుతోందో చూడకుండా వినండి. అప్పుడు కూడా ప్రతిసారీ ప్రీయాంప్‌ను గుర్తుపడితే, నిశ్చింతగా కొనుక్కోండి.

ప్రీయాంప్ నిజంగా గెలిచే చోట్లు ఉన్నాయి. ఎల్‌పీ రికార్డులు వింటే, 47 కిలోఓమ్ లోడుతో, 40 డీబీ దాకా గెయిన్ ఉన్న మంచి ఫోనో స్టేజ్ (రికార్డు ప్లేయర్ చిన్న సిగ్నల్‌ను పెంచే భాగం) ఉన్నది కొనండి. ప్రాసెసర్‌కు హెచ్‌డీఎంఐ వెర్షన్ మారగానే విలువ పడిపోతుంది, ప్రీయాంప్‌కు ఆ బాధ లేదు. ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్) దగ్గర చెవి పెడితే 'స్స్' మని వినపడే ప్రాసెసర్ అయితే, సెన్సిటివిటీ ఎక్కువున్న (కొంచెం పవర్‌కే గట్టిగా మోగే) స్పీకర్లు ఉంటే ప్రీయాంప్‌కు మారడం న్యాయమే.

కొంటే మాత్రం హోమ్ థియేటర్ బైపాస్ (ప్రీయాంప్ వాల్యూమ్ తగలకుండా సిగ్నల్‌ను నేరుగా పంపే దారి) ఉన్నదే కొనండి. ప్రాసెసర్ ఫ్రంట్ ప్రీ-అవుట్లు ఆ బైపాస్‌లోకి, అక్కడి నుంచి పవర్ యాంప్‌కు. ఆడిసీ కొలత బైపాస్‌లో ఉంచే తీయాలి. బైపాస్ లేకపోతే వాల్యూమ్ నాబ్ మీద ఒక గుర్తు గీసి, ఆ గుర్తు దగ్గరే కొలవాలి, సినిమాకు అక్కడికే తేవాలి. అది మరిచి ఫుల్లు మీద వదిలేస్తే ట్వీటర్లు పోతాయి. సబ్‌వూఫర్‌కు ప్రీయాంప్ నుంచి వేరే వైరు లాగకపోతే పాటల్లో అది మోగనే మోగదు.

ఘంటసాల కాలం నాటి సినిమా పాటలు మోనో. సెంటర్ స్పీకర్ కూడా ఉన్నవాళ్లు వాటిని డాల్బీ సరౌండ్ మోడ్‌లో వేస్తే అంతా అందులోకే పోతుంది. స్టీరియో మోడ్‌లోనే వినండి.

చివరగా గుయ్‌మనే హమ్. ప్రీయాంప్ చేర్చాక ఎక్కువగా వచ్చే గొడవ ఇదే. మనది ఏకశిలానగరం, కింద అంతా రాయి. ఎండకాలం నేల ఎండగానే ఎర్తింగ్ బలహీనపడుతుంది. సాకెట్‌లో న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య ఏసీ వోల్టేజి చూడండి. 2, 3 వోల్టులు దాటితే గుంతలో ఉప్పు, బొగ్గు మార్పించి నీళ్లు పోయించండి. ఎర్త్ పిన్ను మాత్రం ఎన్నటికీ తీయొద్దు, షాక్ కొడితే ప్రాణం పోతుంది. అన్ని పెట్టెలనూ ఒకే సాకెట్ నుంచి నడపండి. తర్వాత వైర్లు ఒక్కొక్కటే పీకుతూ పోండి, కేబుల్ టీవీ వైరుతో మొదలుపెట్టి. అది పీకగానే హమ్ ఆగితే ఆ వైరుకు గ్రౌండ్ ఐసోలేటర్ పెట్టిస్తే సరిపోతుంది.