వైఫై కనెక్ట్ అయినా సైట్లు రావట్లేదా? కమాండ్ ప్రాంప్ట్‌లో ఇలా చూడండి

వైఫై గుర్తు బాగానే ఉంది, ఏ సైటూ తెరుచుకోవట్లేదు, తప్పు రౌటర్‌దా విండోస్‌దా అని అడిగారు. టెన్షన్ పడి విండోస్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేయకండి, ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

స్టార్ట్‌లో సీఎండీ అని వెతికి, నల్ల విండోలో ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టండి (కమాండ్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే). ఐపీవీ4 అడ్రస్ (నెట్‌వర్క్‌లో మీ కంప్యూటర్ నంబరు) 169.254తో మొదలైతే రౌటర్ మీకు అడ్రస్ ఇవ్వలేదు, విండోస్ తానే ఒకటి పెట్టుకుంది. రౌటర్ ఆపి మళ్ళీ ఆన్ చేయండి. అడ్రస్ మామూలుగా ఉంటే అక్కడే కనిపించే డీఫాల్ట్ గేట్‌వే (అంటే మీ రౌటర్) నంబరుకు పింగ్ చేయండి, అంటే ping అని కొట్టి, ఖాళీ వదిలి ఆ నంబరు కొట్టండి. జవాబు వస్తే రౌటర్ దాకా దారి బాగున్నట్టే.

తర్వాత పింగ్ 8.8.8.8 (ఇది ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్ నంబరు). ఇక్కడ టైమ్‌డ్ అవుట్ వస్తే సమస్య చాలావరకు రౌటర్ అవతల, ప్రొవైడర్ లైన్‌లో ఉన్నట్టు.

నా అనుమానం మాత్రం డీఎన్ఎస్ మీదే. అంటే సైట్ పేరును నంబరుగా మార్చే సర్వర్. 8.8.8.8 పలికి, పింగ్ గూగుల్.కామ్ అంటే హోస్ట్ దొరకలేదని వస్తే కచ్చితంగా అదే. నా లాప్‌టాప్‌లోనూ ఇలాగే జరిగితే రెండు రోజులు కేబుళ్ళు మారుస్తూ గడిపాను, మీకు ఆ శ్రమ వద్దు. ఐపీకాన్ఫిగ్ తర్వాత ఒక ఖాళీ వదిలి స్లాష్ ఫ్లష్‌డీఎన్ఎస్ (ipconfig /flushdns) కొట్టండి, విండోస్ దాచుకున్న పాత డీఎన్ఎస్ జవాబులు చెరిగిపోతాయి. తగ్గకపోతే విండోస్ నెట్‌వర్క్ అడాప్టర్ సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్ 1.1.1.1గా (క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళ ఉచిత డీఎన్ఎస్ సర్వర్) మార్చండి.

ఏ మెట్టు దగ్గర ఆగిందో, స్క్రీన్‌పై ఏం వచ్చిందో ఇక్కడ రాయండి, చూస్తాను.